హెచ్‌ఐవీ నిధులు ఆసుపత్రులకు మేలు చేశాయా, కీడు చేశాయా?

ప్రశ్న: హెచ్‌ఐవీ చికిత్స కోసం ఆఫ్రికా దేశాలకు వచ్చిన విదేశీ నిధుల వల్లే అక్కడి మామూలు ఆసుపత్రులు బలహీనపడ్డాయని ఒక ఉపన్యాసంలో విన్నాను. రోగులను కాపాడే సొమ్ము ఆసుపత్రికి చేటు ఎలా తెస్తుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు విన్న మాటలో నిజం ఉంది, కానీ అది సగం నిజమే. 2002లో గ్లోబల్ ఫండ్ ఏర్పడింది. ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పోరాటం దాని పని. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ అయిదేళ్లకు 1500 కోట్ల డాలర్లతో పెప్ఫార్ అనే ఎయిడ్స్ సహాయ పథకాన్ని ప్రకటించారు. అంతకు ముందు ఆఫ్రికాలో హెచ్‌ఐవీ మందులు కొనుక్కోగలిగినవారు బహు కొద్దిమంది. ఆ తరవాత లక్షలాది మంది ప్రాణాలు నిలిచాయి. ఈ సంగతి పక్కన పెట్టి చేసే విమర్శ ఏదైనా న్యాయం కాదని నా అభిప్రాయం.

చిక్కు వచ్చింది సొమ్ము నడిచిన దారిలో. ఎంతమందికి మందు అందిందో ఏటా లెక్క చూపాలని దాతలు కోరారు. ప్రభుత్వ యంత్రాంగం ఆ వేగాన్ని అందుకోలేదని భావించి, చాలాచోట్ల స్వచ్ఛంద సంస్థల ద్వారా వేరే మందుల గోదాములు, వేరే ల్యాబులు, వేరే రిజిస్టర్లు ఏర్పాటు చేశారు. ఆ సంస్థలు ప్రభుత్వం కంటే ఎక్కువ జీతం ఇవ్వడంతో, అనుభవం ఉన్న నర్సులు కాన్పుల వార్డునూ టీకాల పనినీ వదిలి అటు వెళ్లారు. ఎయిడ్స్ విభాగంలో మందులకు కొరత లేకపోయినా, అదే ఆవరణలో జ్వరంతో వచ్చిన బిడ్డకు మందు లేని పరిస్థితి ఏర్పడింది. అయితే 2003 నాటికి మనుషులు చనిపోతున్నారు. ముందు ఆసుపత్రులన్నీ బాగుచేసి ఆ తరవాతే చికిత్స మొదలుపెడదామనడం దయలేని మాటే అయ్యేది.

ఇదే సొమ్ముతో మరో దారి కూడా సాధ్యమని ఆఫ్రికా దేశమైన మలావీ చూపింది. చాలినంతమంది డాక్టర్లు, నర్సులు లేక, ఉన్నవారిలో కొందరు బ్రిటన్‌కు వలసపోయి, మరికొందరు అదే వ్యాధికి బలై, అక్కడి ఆసుపత్రులు దాదాపు చేతులెత్తేసే స్థితికి వచ్చాయి. 2004లో ఆ ప్రభుత్వం వైద్య సిబ్బంది కోసం ఆరేళ్ల అత్యవసర కార్యక్రమం మొదలుపెట్టింది. బ్రిటన్ సాయానికి తోడు, గ్లోబల్ ఫండ్ హెచ్‌ఐవీ కోసం ఇచ్చిన నిధుల్లో కొంత భాగాన్నీ దీనికి మళ్లించడానికి అనుమతి దొరికింది. ఎంపిక చేసిన 11 రకాల ఉద్యోగులకు జీతంపై 52 శాతం అదనంగా ఇచ్చారు. శిక్షణ సంస్థల్లో సీట్లు పెంచారు. ఆ సొమ్ము ఎయిడ్స్ విభాగంలో పనిచేసేవారికే పరిమితం కాలేదు. కాన్పులు చేసే నర్సుకూ అందింది. 2009 నాటికి ఆ ఉద్యోగుల సంఖ్య సుమారు సగం మేర పెరిగింది. 2011లో హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం మందులివ్వాలన్న విధానాన్ని ప్రపంచంలో మొదట చేపట్టిన దేశం మలావీయే. గర్భిణి వచ్చేది కాన్పుల విభాగానికి కాబట్టి, అక్కడ నర్సు లేకుండా ఆ విధానం కాగితం దాటేది కాదు.

మలావీ కూడా ఆ జీతాలను పూర్తిగా సొంత ఖజానా నుంచి చెల్లించే స్థితికి చేరలేదు. 2013లో ప్రభుత్వ నిధుల దోపిడీ బయటపడటంతో దాతలు బడ్జెట్‌కు ఇచ్చే సాయాన్ని ఆపేశారు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా నిలిపివేసినప్పుడు, తరవాత కొంత మినహాయింపు ఇచ్చినా, అనేక ఆఫ్రికా దేశాల్లో కౌన్సెలర్లు, డేటా సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. మందులు గోదాములో ఉన్నా వాటిని రోగికి చేర్చే మనిషి లేని దుస్థితి వచ్చింది. తన మందులను ప్రధానంగా తన బడ్జెట్‌తోనే కొనుక్కుంటున్న దక్షిణాఫ్రికా కూడా దెబ్బతింది, కానీ అక్కడ మందుల సరఫరా ఆగిపోలేదు. ఆఫ్రికా ప్రభుత్వాలు బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి కేటాయిస్తామని 2001లో నైజీరియా రాజధాని అబూజాలో మాట ఇచ్చాయి. అత్యధిక దేశాలు దాన్ని నిలబెట్టుకోలేదు. ఆ బాధ్యతను దాతల మీదికి నెట్టలేం.

ప్రశ్న: మన దేశంలోనూ ఇలాగే జరిగిందా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: కొంతవరకే. మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం 1992లో ప్రపంచ బ్యాంకు రుణంతో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో గేట్స్ ఫౌండేషన్ 2003లో ప్రారంభించిన ‘అవాహన్’ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమాన్ని తరవాత దశలవారీగా ప్రభుత్వానికి అప్పగించారు. ఇప్పుడు ఖర్చులో అత్యధిక భాగం కేంద్ర బడ్జెట్‌దే. మందులకూ మనం బయటివారిపై ఆధారపడటం లేదు. పైగా పేద దేశాలు వాడే హెచ్‌ఐవీ మందుల్లో అధిక భాగం భారతీయ కంపెనీల తయారీ, వాటిలో హైదరాబాద్‌కు చెందిన అరబిందో, హెటిరో ఉన్నాయి. చికిత్సా కేంద్రాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే నడుస్తున్నాయి. అయినా కౌన్సెలర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు చాలావరకు రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీల కింద కాంట్రాక్టు ఉద్యోగులుగానే ఉన్నారు. వారు ఆసుపత్రి లోపలే పనిచేస్తూ, ఆసుపత్రి సిబ్బంది లెక్కలో చేరకుండా ఉండిపోయారు.