ఎనిమిది తీగల గిటార్: వదులైన అట్టడుగు తీగ

ప్రశ్న: అట్టడుగు తీగ శ్రుతిని 'ఎఫ్ షార్ప్' స్వరం నుంచి 'ఈ'కి దించితే వదులైపోయి, శబ్దం అలుక్కుపోతోంది. మరింత మందమైన తీగ వేస్తే సరిపోతుందా?

జవాబు: కొంతవరకే. తీగను రెండు అర్ధస్వరాలు దించితే బిగువు సుమారు 20 శాతం తగ్గుతుంది; మందమైన తీగ ఆ బిగువును తిరిగి తెచ్చినా, బిరుసుతనం కూడా పెరగడంవల్ల దాని అతిస్వరాలు (మూలస్వరంతోపాటు మోగే పై స్వరాలు) శ్రుతి తప్పి, డిస్టార్షన్‌లో (శబ్దాన్ని కావాలనే గరుకుగా మార్చినప్పుడు) ఆ దోషం మరింత పైకి తేలుతుంది. అందుకే 25.5 అంగుళాల స్కేల్ (తీగ కంపించే పొడవు) కంటే 28 అంగుళాలది మేలు; పొడవు పెరిగితే తీగ మందం పెంచకుండానే బిగువు పెరుగుతుంది. పైగా 'ఈ' అంటే 41.2 హెర్ట్జ్, అంటే బేస్ గిటార్ అట్టడుగు తీగ స్థానమే. ఆ లోతును బేస్‌కు వదిలి, మీ ఆంప్లిఫయర్‌లో గెయిన్ (డిస్టార్షన్ మోతాదు), కింది పౌనఃపున్యాలు తగ్గించండి. స్వీడన్ మెటల్ బృందం మెషుగ్గా ఎక్కువ పాటల్లో అర్ధస్వరం మాత్రమే దించి 'ఎఫ్' దగ్గర ఆగినా, శబ్దపు బరువుకు లోటేమీ రాలేదు.