80 వేలలో గేమింగ్ పీసీ: షాపు కొటేషన్‌లో ఏం ఉంచాలి, ఏం మార్చాలి?

మీ ప్రశ్న చదివాను. మానిటర్‌తో కలిపి 80 వేలు బడ్జెట్. రోజూ వాలరెంట్, సెలవుల్లో సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద గేమ్స్ ఆడాలి. షాపు వాళ్లు రాసిచ్చిన కొటేషన్‌లో ఐ7-12700 ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, జీటీఎక్స్ 1650 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్‌తో పాటే వచ్చే '500 వాట్ల' ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై పెట్టె), 75 హెర్ట్జ్ మానిటర్ ఉన్నాయి. తీసుకోవచ్చా అని అడిగారు.

తీసుకోవద్దు. అడ్వాన్స్ కట్టేసి ఉన్నా సరే, పార్టులు మార్పించాకే మిగతా డబ్బు ఇవ్వండి.

2018లో ఖమ్మంలో నా మొదటి పీసీకి ఇచ్చిన కొటేషన్ అచ్చం ఇలాగే ఉండేది. ఐ7-8700, హెచ్310 బోర్డు, 8 జీబీ ఒకే స్టిక్, జీటీఎక్స్ 1050 టీఐ. 'ఐ7 కదా, పదేళ్లు చూసుకోనక్కర్లేదు' అన్నారు మా నాన్న. నేనూ అదే నమ్మాను. తీరా పెద్ద గేమ్ ఏది వేసినా ప్రాసెసర్ సగం కూడా పని చేయకుండా ఖాళీగా ఉండేది, గ్రాఫిక్స్ కార్డు మాత్రం 99 శాతం దగ్గర ఆయాసపడేది. ఏడాదిన్నర తిరక్కుండానే ఎస్‌ఎంపీఎస్ పోయి, పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోయింది. 2023 చివర్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ పార్టుల మార్కెట్ సీటీసీలో తిరిగి, పార్టులు విడివిడిగా కొని నేనే బిగించుకున్నాను. ఆ తర్వాత చుట్టాల పిల్లలకు మరో నాలుగు పీసీలు బిగించి ఇచ్చాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మీరు ప్రాసెసర్ దగ్గర కాకుండా మానిటర్ దగ్గర మొదలుపెట్టండి. తెర మీద ఎన్ని చుక్కలు నింపాలన్నదాన్ని బట్టే గ్రాఫిక్స్ కార్డు ఏది కావాలో తేలుతుంది. 1080పీ తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి, 1440పీలో 36.9 లక్షలు. అంటే కార్డు మీద భారం ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. మీ బడ్జెట్‌కు 24 అంగుళాల 1080పీ, 144 నుంచి 180 హెర్ట్జ్ ఐపీఎస్ (రంగులు బాగా చూపే తెర రకం) మానిటర్ సరిపోతుంది. 75 హెర్ట్జ్ మాత్రం వద్దు. వాలరెంట్‌లో మీ పీసీ సెకనుకు 200 ఫ్రేములు ఇచ్చినా ఆ తెర 75 మాత్రమే చూపిస్తుంది. నా దగ్గర 60 హెర్ట్జ్ నుంచి 165కి మారిన రోజు ఎదుటివాడు మూల తిరిగి రావడం ముందే కనిపించినట్టు అనిపించింది. ఆ తేడా ఏ ప్రాసెసర్ మార్చినా నాకు రాలేదు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. జీటీఎక్స్ 1650 వచ్చింది 2019లో. సైబర్‌పంక్ తయారీదారులు 2023లో మార్చిన కనీస అవసరాల్లోనే జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు, 12 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నాయి. మీ కొటేషన్‌లో కార్డూ ర్యామూ రెండూ ఆ కనీసానికి కిందే ఉన్నాయి. 80 వేలు పెట్టి, మీరు పేరు పెట్టి అడిగిన గేమ్ కూడా సరిగా నడవని పీసీ ఇస్తున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంది.

బడ్జెట్‌లో 35 నుంచి 40 శాతం గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి. ఆర్‌టీఎక్స్ 5060, ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8 జీబీ, మిగిలి ఉంటే ఆర్‌టీఎక్స్ 4060, వీటిలో ఆ రోజు ఏది తక్కువకు దొరికితే అది. 2023లో నేను 4060ని 29,500కి కొన్నాను. ఇప్పటికీ 1080పీలో నాకు లోటు లేదు, కాకపోతే కొత్త గేమ్స్‌లో టెక్స్చర్స్ ఒక మెట్టు తగ్గించాల్సి వస్తోంది, కార్డులోని 8 జీబీ మెమరీ నిండిపోతుంది కాబట్టి. ఇంట్లో ఇంకో ఏడెనిమిది వేలు అడగగలిగితే 9060 ఎక్స్‌టీలోనే 16 జీబీ రకం చూడండి. ఒకే పేరుతో రెండు రకాలు అమ్ముతున్నారు, బిల్లు మీద 16 అని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

ప్రాసెసర్‌కి ఐ5-12400ఎఫ్ గానీ రైజెన్ 5 5600 గానీ చాలు. రెండూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఐ7-12700 మంచి ప్రాసెసరే, కానీ పూర్తి వేగంలో 180 వాట్ల దాకా లాగుతుంది. చవక హెచ్610 బోర్డుల్లో ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం మీద హీట్‌సింక్ కూడా ఉండదు, అది వేడెక్కి ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తుంది. ఐ7కి డబ్బు కట్టి ఐ5 పని చేయించుకోవడమే అవుతుంది. 5600 తీసుకుంటే బీ550 బోర్డు పెట్టుకోండి. షాపులో '5600 లేదు, 5600జీ ఉంది, ఒకటే' అంటారు. ఒకటి కాదు. జీలో క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) సగమే, 32కి బదులు 16 ఎంబీ. పైగా గ్రాఫిక్స్ కార్డును కలిపే దారి పీసీఐఈ 4.0 ఉండదు, 3.0తో సరిపెట్టుకోవాలి.

ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. 12400ఎఫ్‌లోనూ 5600లోనూ సొంత గ్రాఫిక్స్ లేదు. నా కార్డు ఒకసారి సర్వీసుకు వెళ్లి మూడు వారాలకు తిరిగొచ్చింది, అన్నాళ్లూ పీసీ మూలన ఉంది. కాలేజీ ప్రాజెక్టులు కూడా దీని మీదే చేయాలనుకుంటే, ఎఫ్ లేని మామూలు 12400 కొంచెం ఎక్కువ పెట్టి తీసుకోండి.

ర్యామ్ విషయంలో ఇది చెడ్డ కాలం. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లు అటు మళ్లిపోతుండటంతో 2025 చివరి నుంచి ధరలు విపరీతంగా పెరిగాయి. మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. నేను 8 జీబీ స్టిక్కులు రెండు 3,500కి కొన్న రోజులు తలుచుకుంటే మీకు ఆ ధర చెప్పడానికే మనసు రావడం లేదు. అయినా 8 జీబీకి దిగకండి. పాత తరం ర్యామ్ డీడీఆర్4లో 8 జీబీవి రెండు స్టిక్కులు తీసుకోండి. రెండు స్టిక్కులుంటే రెండు దారుల్లో డేటా వెళ్తుంది, ఒకే స్టిక్ ఉంటే ఒక దారి మూసుకున్నట్టే. సెకండ్ హ్యాండ్‌లో నేను ధైర్యంగా కొనే పార్టు ర్యామ్ ఒక్కటే. కొన్న రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి మంచిదో కాదో తెలిసిపోతుంది. కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పట్టే, ఏఎండీ కొత్త ప్రాసెసర్ల కోసం వచ్చిన ఏఎం5 బోర్డు, రైజెన్ 5 7600 తీసుకుంటే ముందుముందు ప్రాసెసర్ మార్చుకునే వీలుంటుంది, నిజమే. కానీ ఈ ధరల్లో, మానిటర్‌తో కలిపి 80 వేలలో ఆ దారి పడితే గ్రాఫిక్స్ కార్డు దగ్గర కోత పెట్టాల్సి వస్తుంది. నేనైతే ఆ పని చేయను.

మీ కొటేషన్‌లో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టిన లైను ఎస్‌ఎంపీఎస్. షాపుకు వెళ్లి ఆ పెట్టె పక్కన అంటించిన లేబుల్ చదవండి. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసి 12తో గుణించండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ఆ కరెంటే. ఖమ్మంలో నాకు ఇచ్చిన '500 వాట్ల' పెట్టె మీద 16 ఆంపియర్లు ఉంది, అంటే 192 వాట్లు. ఆ లెక్క నాకు పెట్టె పోయాక తెలిసింది. ఏప్రిల్ నెల, సాయంత్రం లో వోల్టేజీ, లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. కరెంటు పోయి వచ్చిన మరుక్షణం టప్‌మని శబ్దం, కాలిన వాసన. మంచి సప్లైలో వోల్టేజీ అదుపు తప్పితే తనంతట తానే ఆగిపోయే రక్షణ ఉంటుంది. అందులో అది లేదు.

పేరున్న కంపెనీ 550 వాట్ల సప్లై మీకు చాలు, అందులో 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్ల దాకా ఉంటుంది. 80 ప్లస్ బ్రాంజ్ అన్న ముద్ర కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుందే తప్ప రక్షణ సంగతి చెప్పదు. అందుకే నేను ముద్రతో పాటు ఐదేళ్ల వారంటీ ఉందా అని కూడా చూస్తాను.

దీనికి తోడు మీ గదిలో ప్లగ్గుకు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లకు జిమ్మని తగులుతోందని మా అత్తయ్య కొడుకు ఫోన్ చేశాడు. పీసీలో తప్పేం లేదు, ఆ ఇంటి వైరింగ్‌లో ఎర్త్ తీగే లేదు. సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్యలో లోహపు బాడీని కలుపుతాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద సుమారు 115 వోల్టులు నిలబడతాయి. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే కూడా ఇదే జరుగుతుంది. యూపీఎస్ ఈ బడ్జెట్‌లో ఇమడకపోతే మరుసటి నెల కొనండి, 1000 వీఏ దగ్గర్లోది, కానీ ఎర్త్ పని మాత్రం పీసీ ఇంటికి రాకముందే అయిపోవాలి.

క్యాబినెట్ ముందు అద్దం కాకుండా జాలీ ఉండాలి. మన ఎండాకాలంలో గదే 38 డిగ్రీలుంటే లోపలికి పోయే గాలి అంతకంటే చల్లగా ఉండదు కదా. అద్దం క్యాబినెట్‌లో 83 డిగ్రీలు చూపించిన నా కార్డు జాలీ దానిలోకి మార్చాక 72కి దిగింది. రంగు లైట్ల ఫ్యాన్లకు డబ్బు పెట్టకండి. ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డుకే బిగించే వేగమైన) రకం, వీలైతే 1 టీబీ. ధర మరీ ఎక్కువుంటే 500 జీబీతో మొదలుపెట్టి తర్వాత ఇంకోటి కలపవచ్చు.

కొనేటప్పుడు సీలు ఉన్న బాక్సు ప్రాసెసరే అడగండి. కవర్‌లో పెట్టి ఇచ్చే ట్రే ప్రాసెసర్‌కు షాపు వారంటీయే దిక్కు. ప్రతి పార్టు సీరియల్ నంబరుతో జీఎస్‌టీ బిల్లు తీసుకోండి, 'బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం' అంటే ఒప్పుకోవద్దు. నా కార్డు సర్వీసుకు తీసుకున్నది ఆ బిల్లు చూసే.

బిగించాక మానిటర్ కేబుల్ బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి. ర్యామ్ స్లాట్లు నాలుగుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడండి. బయోస్‌లో (పీసీ ఆన్ చేయగానే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ ఉంటుంది. విండోస్ 11లో వాలరెంట్‌కు సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా సెట్టింగ్స్ రెండూ ఆన్‌లో ఉండాలి, అవీ బయోస్‌లోనే ఉంటాయి. చివరగా విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేటు చూడండి. 180 హెర్ట్జ్ మానిటర్ కొన్నా మొదట్లో అక్కడ 60 అనే ఉండొచ్చు. నేను బిగించిన నాలుగు పీసీల్లో రెండింటికి అలాగే ఉంటే చేత్తో మార్చాల్సి వచ్చింది.