కంటైనర్‌లో షేర్డ్ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే ఏం చూడాలి?

హోస్ట్‌లో (కంటైనర్లు నడిచే అసలు యంత్రంలో) ఫైళ్లు ఉన్నా, డాకర్ కంటైనర్‌లోకి (ప్రోగ్రామ్‌ను మిగతావాటి నుంచి విడిగా నడిపే వాతావరణంలోకి) వెళ్లి చూస్తే అదే ఫోల్డర్ ఖాళీగా ఉంటోందన్నది ప్రశ్న. చాలా సందర్భాలలో పొరపాటు పాత్‌లోనే (ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే చిరునామాలోనే) ఉంటుంది. ఫోల్డర్‌ను కంటైనర్‌కు జోడించే ‘-వి’ (-v) ఆప్షన్‌తో ఇచ్చిన పాత్ హోస్ట్‌లో లేకపోతే, డాకర్ ఆ పేరుతో ఒక ఖాళీ డైరెక్టరీని తానే సృష్టించి దానినే మౌంట్ చేస్తుంది (అంటే కంటైనర్‌కు జోడిస్తుంది) కనుక, ఒక్క అక్షరం తప్పినా ఎర్రర్ రాదు, ఫైళ్లూ రావు. ‘--మౌంట్’ ఆప్షన్‌తో బైండ్ రకాన్ని (హోస్ట్ ఫోల్డర్‌నే నేరుగా జోడించే పద్ధతిని) వాడితే మాత్రం ఇదే తప్పుకు కంటైనర్ మొదలవకుండానే ఎర్రర్ వస్తుంది. అందుకే నేను దానినే వాడతాను.

ముందుగా ‘డాకర్ ఇన్‌స్పెక్ట్’ కమాండ్ ఇచ్చి, మౌంట్స్ విభాగంలో సోర్స్ ఎదురుగా ఉన్న పాత్‌ను అక్షరం అక్షరం సరిచూడండి. అది సరిగానే ఉంటే, ఆ పాత్‌ను వెతికేది మీరు కమాండ్ టైప్ చేసిన చోట కాదని, డాకర్ డీమన్ (వెనుక ఉండి కంటైనర్లను నడిపే ప్రోగ్రామ్) నడుస్తున్న యంత్రంలోనని గుర్తించాలి. డీమన్ వేరే సర్వర్‌లో ఉన్నప్పుడు, లేదా ఒక కంటైనర్ లోపలి నుంచి హోస్ట్ సాకెట్ (డీమన్‌తో మాట్లాడే మార్గం) ద్వారా మరో కంటైనర్‌ను నడిపినప్పుడు, మీ ఎదుట ఉన్న ఫోల్డర్ డీమన్‌కు అసలు కనిపించదు.

కంటైనర్ మొదలైన తరువాత హోస్ట్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ డిస్క్‌ను (నెట్‌వర్క్ ద్వారా వాడే డిస్క్‌ను) మౌంట్ చేసినా సాధారణంగా ఇలాగే జరుగుతుంది. అప్పుడు కంటైనర్‌ను రీస్టార్ట్ చేస్తే ఫైళ్లు కనిపిస్తాయి.