యాంటీవైరస్ రెన్యూ చేయించాలా అని అడిగిన చిట్టికి

చిరంజీవి చిట్టికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. లాప్‌టాప్ కింది మూలన ఎర్ర పెట్టె, రక్షణ గడువు ముగిసిందని బెదిరింపు, పక్కన ఏడాదికి 1,499 రూపాయలు. కట్టాలా వద్దా అని అడిగావు. కట్టొద్దు. అయితే ఇరవై ఏళ్లకు పైగా అవే యాంటీవైరస్ డబ్బాలు అమ్మి ఇల్లు నడిపినవాణ్ణి, ఇప్పుడు వద్దంటున్నానంటే ఎందుకో కూడా చెప్పాలి కదా. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం పిల్లాడి గోలలో కొట్టుకుపోతుంది. అందుకే రాస్తున్నాను.

నేను షాపు తెరిచినప్పుడు వైరస్ ఫ్లాపీల మీద వచ్చేది. పీసీల్లో మొదటిదని చెప్పుకునే 'బ్రెయిన్' వైరస్‌ను 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాశారు. దాని లోపల వాళ్ల పేర్లు, షాపు అడ్రసు, ఫోను నంబర్లు కూడా పెట్టుకున్నారు! అంత అమాయకపు రోజులవి. తర్వాత పెన్‌డ్రైవులు వచ్చాయి. నీకు గుర్తుందో లేదో, ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీయించుకుందామని జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ ఇచ్చి తెచ్చుకున్నావు, ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చున్నాయి. ఏడుస్తూ వచ్చావు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, వైరస్ వాటిని కనబడకుండా దాచిందంతే. ఒక్క లైను కమాండు కొట్టి బయటికి తీశాను, నువ్వేమో నన్ను పెద్ద మాంత్రికుణ్ణి అనుకున్నావు.

అప్పటి విండోస్ ఎక్స్‌పీలో సొంత యాంటీవైరస్ లేదు. దానికితోడు పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే నడిచే ఆటోరన్ ఫైలు ఏం చెబితే అది నమ్మేది. కాబట్టి పుణెవాళ్ల క్విక్ హీల్ సీడీ పెట్టి ఇవ్వడం న్యాయమైన వ్యాపారమే, అందులో నాకు సిగ్గేమీ లేదు. ఆ ఆటోరన్ దారిని మైక్రోసాఫ్ట్‌వాళ్లు 2011లో అప్‌డేట్ ఇచ్చి మూశారు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్‌ను విండోస్‌తోపాటే ఇస్తున్నారు. మొదట్లో దాన్ని మేమంతా ఎగతాళి చేసేవాళ్లం, చేతగాని కాపలావాడని. కొన్నేళ్లలో దాని పని మెరుగుపడింది. జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారిటివ్స్ అని యాంటీవైరస్‌లను పరీక్షించే సంస్థలున్నాయి. వాళ్ల పరీక్షల్లో ఇది డబ్బు తీసుకునేవాటి సరసనే నిలబడుతోంది. నిజం చెప్పనా, షాపు చివరి నాలుగైదేళ్లు నేను యాంటీవైరస్ అమ్మింది కస్టమరు అవసరం కోసం కాదు, మార్జిన్ కోసం.

పోనీ బయటిదే ఏదైనా ఉచితంగా వేసుకుందామా అంటావేమో. అవాస్ట్ పేరు వినే ఉంటావు. దాన్ని వాడేవాళ్లు ఏయే వెబ్‌సైట్లు చూస్తున్నారో ఆ వివరాలను అమ్ముకున్నందుకు 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. కాపలాకి పెట్టుకున్నవాడే ఇంటి గుట్టు వీధిలో అమ్మితే ఇంక చెప్పేదేముంది?

ఇప్పుడు నీ లాప్‌టాప్ సంగతి. ఆ ఎర్ర పెట్టె రెండు చోట్ల నుంచి రావచ్చు. కొన్నప్పుడే కంపెనీవాడు పెట్టిచ్చిన ట్రయల్ యాంటీవైరస్ అయితే, సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి తీసెయ్యి. తీసి రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ దానంతటదే లేచి కూర్చుంటుంది. బయటిది ఉన్నంతసేపూ అది పక్కకు తప్పుకుని ఉంటుందన్నమాట. తర్వాత స్టార్ట్‌లో 'విండోస్ సెక్యూరిటీ' అని టైప్ చేసి తెరువు. 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' మీద ఆకుపచ్చ టిక్కు కనబడితే నీ పని అయిపోయినట్టే.

అసలు అలాంటి ప్రోగ్రామే నీ లాప్‌టాప్‌లో లేదనుకో, ఆ పెట్టె దొంగది. ఏదో సినిమా సైటులో 'అలౌ' నొక్కి ఉంటారు, నువ్వో పిల్లాడో. అప్పటి నుంచి ఆ సైటువాడు క్రోమ్ నోటిఫికేషన్ల రూపంలో బెదిరిస్తూ ఉంటాడు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని పేర్లన్నీ తీసిపారెయ్యి. ఈ చిన్న పనికి జనం షాపుకొచ్చి 500 ఇచ్చి వెళ్లేవాళ్లు.

యాంటీవైరస్ కంటే ముందు పట్టించుకోవాల్సింది అప్‌డేట్లు. 2017 మే 12న వానాక్రై అనే వైరస్, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం, ప్రపంచం మీద పడింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు నిద్రపోయారు, 'తర్వాత చూద్దాంలే' అన్నవాళ్లు ఏడ్చారు. అందుకని 'రీస్టార్ట్ టు అప్‌డేట్' అని కనబడితే ఆ రాత్రికి కానిచ్చెయ్యి, వారాలు జరపకు. మీ మావయ్యగారి గదిలో ఉన్న విండోస్ 7 కంప్యూటర్‌కి 2020 జనవరి నుంచే అప్‌డేట్లు ఆగిపోయాయి. దాని మీద ఎంత ఖరీదైన యాంటీవైరస్ పెట్టినా కూలే గోడకి సున్నం కొట్టినట్టే. ఆయన్ని దాంట్లో పాటలు వినమను, పేకాట ఆడుకోమను, బ్యాంకు పని మాత్రం వద్దను. విండోస్ 10 వాడుతున్నవాళ్లకి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు గడువు అయిపోయింది. నీది 11 కాబట్టి నీకు ఆ బెంగ లేదు.

ఒక సంగతి చెప్పాలి, నన్ను ఇప్పటికీ బాధపెట్టేది. 2019లో మా వీధి చివర ఫొటో స్టూడియో నడిపే కుర్రాడికి డబ్బు కట్టే యాంటీవైరసే పెట్టాను, నా చేత్తో. పెళ్లి ఆల్బమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్ కొనలేక క్రాక్, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ, దించుకున్నాడు. ఆ క్రాక్‌తో వచ్చిన నోట్‌లో మొదటి లైనే, 'ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపండి' అని. ఆపాడు. పొద్దున్నే చూసుకుంటే ప్రతి ఫొటో పేరు చివరా ఏదో తోక, ఒక్కటీ తెరుచుకోదు. డెస్క్‌టాప్ మీద ఉత్తరం: 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లో అయితే సగమే, 490. నలుగురి పెళ్లి ఫొటోలు పోయాయి. వాళ్ల ముందు ఆ కుర్రాడు నిలబడ్డ తీరు నేను మరిచిపోలేను. యాంటీవైరస్ ఓడిపోలేదక్కడ, యజమానే దాన్ని నిద్రపుచ్చాడు. కాబట్టి దొంగ విండోస్, దొంగ ఆఫీస్, ఆ యాక్టివేటర్లు, ఏవీ మీ ఇంట్లో వద్దు. లిబ్రె ఆఫీస్ ఉచితం, ఉత్తరాలకీ లెక్కలకీ అది చాలు.

ఆ కుర్రాడి దగ్గర ఇంకో హార్డ్ డిస్క్‌లో కాపీ ఉంటే ఇదంతా ఒక పూట తలనొప్పితో తీరిపోయేది. ఉంది కూడా! కానీ అది ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించే ఉండేది, దాంతోపాటే అదీ పోయింది. అల్లుడుగారి షాపు లెక్కలు టాలీలో నీ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి కదా. ఆ 1,499కి మరికొంత డబ్బు కలిపి బయట పెట్టుకునే హార్డ్ డిస్క్ ఒకటి కొను. ప్రతి ఆదివారం టాలీ బ్యాకప్, పిల్లాడి ఫొటోలు అందులోకి ఎక్కించు, వైరు పీకి బీరువాలో పెట్టు. వైరు పీకడం మరిచిపోతే మాత్రం స్టూడియో కుర్రాడి కథే. ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్‌ను రాన్సమ్‌వేర్ అంటారు. దాన్ని అడ్డుకునే 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అని విండోస్ సెక్యూరిటీలోనే ఉంటుంది, మామూలుగా ఆపేసి ఉంటుంది. వేసుకోవచ్చు, కానీ టాలీ డేటా ఫోల్డర్‌ను అందులో చేర్చి, టాలీ ప్రోగ్రామ్‌కి అనుమతి ఇవ్వాలి. లేకపోతే ఎంట్రీలు సేవ్ కావడం లేదని అల్లుడుగారు నన్ను తిట్టుకుంటారు. అది నేను వచ్చినప్పుడు చేస్తాలే.

పిల్లాడికి వేరే అకౌంట్ పెట్టు, స్టాండర్డ్ యూజర్‌గా. అప్పుడు గేమ్ మోడ్లు అవీ దించుకుని ఇన్‌స్టాల్ చేయబోతే చాలావాటికి నీ పాస్‌వర్డ్ అడుగుతుంది. వాడు అలుగుతాడు, అలగనీ. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ' నొక్కి ఫైల్ పేర్ల చివరి అక్షరాలు కనబడేలా కూడా పెట్టుకో. విండోస్ వాటిని దాచేస్తుంది, అందుకే బిల్లు పీడీఎఫ్ అనుకుని నొక్కింది తీరా చూస్తే ఈఎక్స్‌ఈ, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్, అవుతుంది. ఏదైనా ఫైలు మీద అనుమానం వస్తే వైరస్‌టోటల్ సైటులో వేసి చూడు, పదుల కొద్దీ యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించి చెబుతుంది. అల్లుడుగారి లెక్కల కాగితాలు, ఆధార్ కాపీలు మాత్రం అందులో వేయకు, వేసినవి ఇతరులు కూడా చూడగలరు.

ఇంతా చేసి, ఈ రోజుల్లో జనం డబ్బు పోగొట్టుకునేది వైరస్ వల్ల కంటే ఫోను ఎత్తడం వల్లే. బ్యాంకు నుంచి అంటాడు, పోలీసునంటాడు, మన తెరను దూరం నుంచి వాళ్లు నడిపే ఎనీడెస్క్ వేసుకోమంటాడు. ఆ ప్రోగ్రామ్ వైరస్ కాదు, మంచిదే, కాబట్టి మామూలుగా యాంటీవైరస్ ఆపదు. మనమే తలుపు తీసి రమ్మంటున్నాం మరి. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో ట్రాఫిక్ చలానా అనో ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో ఎక్కే యాప్, వస్తే, అది మీ అత్తగారి అక్కయ్య నంబరు నుంచి వచ్చినా సరే, తెరవొద్దు. శుభలేఖ ఫొటోగా వస్తుంది, లేకపోతే పీడీఎఫ్‌గా వస్తుంది. యాప్‌గా రాదు. డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చెయ్యి, తర్వాతే నాకు. ఈ నంబరు మీ అత్తగారి ఫోన్లో కూడా వేసిపెట్టు.

సంక్రాంతికి వస్తున్నాను. మీ పెద్దమ్మ అరిసెలు పంపిస్తానంటోంది. ఆ విండోస్ 7 డబ్బాని అప్పుడు విప్పి చూస్తాను, వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ డిస్కు వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తే మావయ్యగారి పాటలకి ఇంకో నాలుగేళ్లు నడుస్తుందేమో. ఈలోపు దాన్ని ఎవరికీ రిపేరుకివ్వకు.

ఇట్లు,
మీ పెదనాన్న