పాఠకుల ప్రశ్నలు: ఒకే రాష్ట్రం, రెండు పార్టీలు, రెండు లెక్కలు

అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకోవడానికి రాష్ట్రాల వారీగా జరిపే ప్రైమరీల గురించి బెంగళూరు పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. పిల్లలు అక్కడ స్థిరపడిన తల్లిదండ్రులు రాసినవే వాటిలో ఎక్కువ. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. పౌరసత్వం వచ్చాక 2024 మార్చిలో మొదటిసారి ఓటు వేయబోతే, ఇంటికి వచ్చిన బ్యాలెట్‌లో అధ్యక్ష పదవికి పోటీ పడుతున్నవారి పేర్లే లేవట. ఓటరుగా నమోదు చేసుకునేటప్పుడు ఏ పార్టీ పేరూ రాయకపోవడమే కారణమని ఇప్పుడు అంటున్నాడు. ఓటరు నమోదు ప్రభుత్వం పని కదా, అందులో పార్టీ ప్రసక్తి ఎందుకు?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. మన దగ్గర పార్టీ సభ్యత్వం అంటే పార్టీవాళ్ళకు రుసుము కట్టి రసీదు తీసుకోవడం. ఎన్నికల సంఘం తయారు చేసే ఓటర్ల జాబితాకు దానితో ఏ సంబంధమూ ఉండదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో మాత్రం ఓటరు నమోదు దరఖాస్తులోనే మీరు ఏ పార్టీ వైపు అన్న ప్రశ్న ఉంటుంది. దానికి రుసుము లేదు, బాధ్యతలు లేవు, నవంబరులో జరిగే అసలు ఎన్నికలో ఎవరికైనా ఓటు వేయవచ్చు. అయితే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఎవరి చేతికి ఏ బ్యాలెట్ వెళ్ళాలో ఆ జవాబును బట్టే తేలుతుంది.

పార్టీ పేరు రాయని ఓటర్లను తమ అధ్యక్ష ప్రైమరీలోకి రానివ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని కాలిఫోర్నియా చట్టం పార్టీలకే వదిలిపెట్టింది. డెమొక్రటిక్ పార్టీ రానిస్తుంది, కానీ ఆ పార్టీ బ్యాలెట్ కావాలని ఓటరు తానుగా అడగాలి. రిపబ్లికన్ పార్టీ రానివ్వదు. దాని ప్రైమరీలో ఓటు కావాలంటే ఆ పార్టీ పేరుతో మళ్ళీ నమోదు కావలసిందే. మీ అబ్బాయి ఈ రెండూ చేయలేదు కాబట్టి అధ్యక్ష పదవి భాగం లేని బ్యాలెట్ వచ్చింది. ప్రతినిధుల సభ (మన లోక్‌సభ వంటిది) వంటి వాటి పదవులకు ఆ రాష్ట్రంలో అన్ని పార్టీల అభ్యర్థుల పేర్లూ ఒకే జాబితాలో ఉంటాయి గనుక, మిగతా కాగితమంతా సక్రమంగానే కనిపించి ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. స్వతంత్ర ఓటరుగా ఉండాలనుకుని, దరఖాస్తులో ‘అమెరికన్ ఇండిపెండెంట్’ అన్న పేరు చూసి దాన్ని ఎంచుకునేవారు అక్కడ తక్కువేమీ కాదు. అది స్వతంత్రుల వర్గం కాదు, 1968లో వర్ణవివక్షను సమర్థించిన నాయకుడు జార్జ్ వాలెస్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టిన పార్టీ.

కాలిఫోర్నియాలో పోలింగ్ రోజున కూడా కేంద్రానికి వెళ్ళి నమోదు మార్చుకునే వీలుంది కాబట్టి మీ అబ్బాయికి 2028లో ఈ ఇబ్బంది రానక్కరలేదు. న్యూయార్క్‌లో ఇంత ఉదారత లేదు. అక్కడ 2016 ఏప్రిల్ 19న ప్రైమరీ జరిగితే, పార్టీ మార్చుకోవడానికి గడువు అంతకు ముందు అక్టోబరులోనే ముగిసిపోయింది. డొనాల్డ్ ట్రంప్ సంతానంలో ఇవాంకా, ఎరిక్ ఇద్దరూ ఆ గడువు దాటబెట్టుకుని, సొంత రాష్ట్రంలో తండ్రికి ఓటు వేయలేకపోయారు. ఆ తరువాత 2019లో చట్టం మార్చి గడువును ఫిబ్రవరి 14కు జరిపారు.

ప్రశ్న: ఒక రాష్ట్రం ప్రైమరీలో మొదటి స్థానం వచ్చినవారికి ఆ రాష్ట్రం మొత్తం దక్కినట్టేనా? టీవీలో ఒకసారి గెలిచారంటారు, మరుక్షణం ఇన్ని డెలిగేట్లు అని వేరే లెక్క చెబుతారు. ఏది అసలు ఫలితం?
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: డెలిగేట్ల లెక్కే అసలు ఫలితం. పార్టీ జాతీయ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునేది డెలిగేట్లు, అంటే రాష్ట్రాల నుంచి వెళ్ళే ప్రతినిధులు. ఆ ప్రతినిధుల్లో ఎవరి పక్షాన ఎందరు వెళ్ళాలో తేల్చడమే రాష్ట్ర ప్రైమరీ చేసే పని. ఓట్లను ప్రతినిధులుగా మార్చే సూత్రం రెండు పార్టీలకూ ఒకటి కాదు. దక్షిణ కరోలినా రాష్ట్రాన్ని తీసుకుంటే ఈ తేడా కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

2020 ఫిబ్రవరి 29న అక్కడ డెమొక్రటిక్ ప్రైమరీ జరిగింది. అంతకు ముందు అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం వచ్చిన జో బైడెన్ పని అయిపోయిందని చాలామంది తీర్మానించేశారు. పోలింగ్‌కు మూడు రోజుల ముందు ఆ రాష్ట్రపు సీనియర్ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుడు, నల్లజాతి నాయకుడు జిమ్ క్లైబర్న్ ఆయనకు మద్దతు ప్రకటించారు. ఆ రాష్ట్రపు డెమొక్రటిక్ ఓటర్లలో నల్లజాతివారే ఎక్కువ. బైడెన్‌కు 48 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. బెర్నీ శాండర్స్‌కు 20 శాతానికి కొంచెం తక్కువ, ప్రకటనలకు కోట్ల డాలర్లు కుమ్మరించిన టామ్ స్టయర్‌కు 11 శాతం వచ్చాయి. డెమొక్రటిక్ పార్టీలో ప్రతినిధులను ఓట్ల నిష్పత్తిలో పంచుతారు కానీ 15 శాతం దాటనివారికి ఏమీ ఇవ్వరు. వారి ఓట్లను పక్కన పెట్టి, దాటినవారి మధ్యనే పంపకం చేస్తారు. రాష్ట్రం మొత్తానికీ, ప్రతి కాంగ్రెస్ నియోజకవర్గానికీ ఇదే షరతు. అందువల్ల మొత్తం 54 మందిలో బైడెన్‌కు 39, శాండర్స్‌కు 15 దక్కగా స్టయర్‌కు ఒక్కరూ దక్కలేదు.

ఇప్పుడు అదే రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి 24న జరిగిన రిపబ్లికన్ ప్రైమరీ చూడండి. నిక్కీ హేలీ ఆ రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసినవారు. ఆమెకు 39 శాతానికి పైగా, ట్రంప్‌కు దాదాపు 60 శాతం ఓట్లు వచ్చాయి. డెమొక్రాట్ల సూత్రం ప్రకారమైతే ఆమెకు 50 మందిలో సుమారు 20 మంది ప్రతినిధులు రావాలి. వచ్చింది ముగ్గురే! ఎందుకంటే అక్కడి రిపబ్లికన్ నియమం ప్రకారం 29 మంది ప్రతినిధులు రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చినవారికి గంపగుత్తగా వెళతారు. మిగిలిన 21 మందిని ఏడు కాంగ్రెస్ నియోజకవర్గాల్లో ఎక్కడికక్కడ మొదట నిలిచినవారికి ముగ్గురేసి చొప్పున ఇస్తారు. హేలీ గెలిచింది సముద్రతీరాన ఉన్న మొదటి నియోజకవర్గం ఒక్కటే. ఐదో వంతు ఓట్లతో శాండర్స్ 15 మందిని తీసుకుపోయిన చోట, దానికి రెట్టింపు శాతంతో హేలీ ముగ్గురితో సరిపెట్టుకున్నారు.

ఏ పద్ధతి మంచిదని వైట్‌ఫీల్డ్ పాఠకుడే మరో ఉత్తరంలో అడిగారు. ఓటరుకు న్యాయం జరిగేది నిష్పత్తి పద్ధతిలోనే అని మా అభిప్రాయం. అయితే ఆ పద్ధతిలో వెనుకబడినవారు త్వరగా తప్పుకోరు, పోటీ నెలల తరబడి సాగుతుంది. 2016లో శాండర్స్, హిల్లరీ క్లింటన్ల పోరు జూన్ దాకా నడిచింది. పార్టీ పెద్దలకు ఇది నచ్చే విషయం కాదు.

దక్షిణ కరోలినాలో ఓటరు నమోదులో పార్టీ పేరు ఉండదని కూడా ఇక్కడే చెప్పాలి. ఎవరైనా ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటు వేయవచ్చు, కానీ రెండింటిలో వేయకూడదు. 2024 ఫిబ్రవరి 3న డెమొక్రటిక్ ప్రైమరీలో ఓటు వేసినవారికి 24న రిపబ్లికన్ బ్యాలెట్ ఇవ్వలేదు.

ప్రశ్న: ప్రైమరీల్లో ‘నోటా’ ఉంటుందా?
– ఒక విద్యార్థి, యలహంక

జవాబు: నెవాడాలో ఉంది. మన దేశంలో సుప్రీంకోర్టు తీర్పుతో 2013లో వచ్చిన ఏర్పాటు, ఆ రాష్ట్రంలో 1975 నాటి చట్టంతోనే వచ్చింది. 2024 ఫిబ్రవరి 6న ప్రభుత్వం నిర్వహించిన రిపబ్లికన్ ప్రైమరీలో ట్రంప్ పేరు లేదు, హేలీ పేరు ఉంది. ‘వీరెవరూ కాదు’ అన్న గడికి 60 శాతం దాటి ఓట్లు పడ్డాయి. ట్రంప్ పాల్గొన్నది రెండు రోజుల తరువాత పార్టీ సొంతంగా జరుపుకున్న కాకస్ సమావేశాల్లో. ప్రతినిధులను ఇచ్చేది కాకస్ ఫలితాన్ని బట్టేనని పార్టీ ముందే ప్రకటించింది గనుక, ప్రభుత్వ ఖర్చుతో జరిగిన ప్రైమరీ నుంచి ఎవరికీ ఒక్క ప్రతినిధీ రాలేదు. ప్రైమరీని రద్దు చేసుకునే స్వేచ్ఛ కూడా పార్టీకి ఉంటుంది: 2020లో ట్రంప్ పదవిలో ఉన్నారు కాబట్టి దక్షిణ కరోలినా రిపబ్లికన్ పార్టీ అసలు పోటీయే పెట్టలేదు.

ప్రశ్న: గ్రీన్ కార్డు ఉన్న మా అల్లుడు ప్రైమరీలో ఓటు వేయవచ్చునా?
– ఒక పాఠకుడు, కేఆర్ పురం

జవాబు: అధ్యక్ష ప్రైమరీలో వేయకూడదు. పౌరులకే ఆ హక్కు. పొరపాటున నమోదైనా పౌరసత్వ దరఖాస్తుకు ముప్పు రావచ్చు. అభ్యర్థికి విరాళం మాత్రం గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు; హెచ్1బి వీసా మీద ఉన్నవారు అదీ ఇవ్వకూడదు.

ప్రశ్న: కమలా హారిస్ 2024లో ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయకుండా అభ్యర్థి ఎలా అయ్యారు?
– ఒక పాఠకురాలు, జయనగర్

జవాబు: చెన్నైకి చెందిన శ్యామలా గోపాలన్ కుమార్తె అయిన హారిస్ అంతకు ముందోసారి పోటీకి దిగి, మొదటి రాష్ట్రం ఓటు వేయకముందే 2019 డిసెంబరులో తప్పుకున్నారు. 2024లో ప్రైమరీలు గెలిచి దాదాపు అందరు ప్రతినిధులనూ సంపాదించుకున్నది బైడెన్. ఆయన జూలై 21న తప్పుకోగానే ఆ ప్రతినిధులు ఎవరికీ కట్టుబడనివారయ్యారు. ఒక అభ్యర్థికి వచ్చిన ప్రతినిధులను ఆ అభ్యర్థి మరొకరికి బదిలీ చేయలేరు, తన మద్దతు ప్రకటించగలరు అంతే. షికాగో మహాసభకు ముందే, ఆగస్టు మొదటి వారంలో ఆన్‌లైన్‌లో జరిగిన ఓటింగులో వారు దాదాపు ఏకగ్రీవంగా హారిస్‌ను ఎన్నుకున్నారు. ఓటరును పక్కన పెట్టారన్న విమర్శ వచ్చింది, అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ కూడా ప్రైమరీల్లో దిగకుండానే పార్టీ నాయకుల బలంతో అభ్యర్థి అయ్యారు. దానిపై చెలరేగిన ఆగ్రహం వల్లనే పార్టీ నియమాలు మారి, 1972 నుంచి ప్రైమరీలకు ఇప్పుడున్న ప్రాధాన్యం వచ్చింది.

ప్రశ్న: మన పార్టీల్లో అధిష్ఠానం బి-ఫారం ఎవరికిస్తే వారే అభ్యర్థి. ఇక్కడ ఎవరూ ప్రైమరీ ప్రయత్నించలేదా?
– ఒక పాఠకుడు, హెబ్బాళ

జవాబు: మీరు ఉంటున్న బెంగళూరు ఉత్తర నియోజకవర్గంలోనే ప్రయత్నించారు. 2014 లోక్‌సభ ఎన్నికలకు ముందు రాహుల్ గాంధీ చొరవతో కాంగ్రెస్ దేశంలో కొన్ని నియోజకవర్గాలను ఎంచుకుని అంతర్గత ఎన్నిక జరిపింది. కర్ణాటకలో అందుకు బెంగళూరు ఉత్తరం, దక్షిణ కన్నడ ఎంపికయ్యాయి. ఇక్కడ సి. నారాయణస్వామి, అక్కడ జనార్దన పూజారి గెలిచి టికెట్ తెచ్చుకున్నారు. అసలు ఎన్నికలో ఇద్దరూ బీజేపీ చేతిలో ఓడిపోయారు, ఆ పద్ధతీ పార్టీలో నిలదొక్కుకోలేదు. ఓటమికి ప్రైమరీని తప్పుపట్టడం సరికాదు, ఆ ఏడాది దేశమంతటా వీచిన గాలి అది. అసలు లోపం ఓటర్ల జాబితాలో ఉంది. ఆ అంతర్గత ఎన్నికలో ఓటు ఉన్నది ప్రధానంగా పార్టీ పదవుల్లో ఉన్నవారికే గాని, పార్టీకి ఏళ్ళ తరబడి ఓటు వేస్తున్న సామాన్యులకు కాదు. దక్షిణ కరోలినాలో ఏ పదవీ లేని ఓటరు నేరుగా వెళ్ళి బ్యాలెట్ అడగగలడు. బెంగళూరు ఉత్తరంలో అటువంటివారికి ఆ రోజు చేయగలిగింది ఏమీ లేకపోయింది. మన ప్రజాప్రాతినిధ్య చట్టం పార్టీల నమోదు గురించి చెబుతుంది గాని, అభ్యర్థిని ఎలా ఎంచుకోవాలో చెప్పదు కాబట్టి, ఈ జాబితాను విస్తరించాలన్నా పార్టీయే పూనుకోవాలి.