సైటేషన్లు తక్కువగా ఉన్న ఆర్‌ఎన్‌ఏ పత్రాన్ని ఎంపిక సంఘానికి ఎలా వివరించాలి?

నమస్కారమండీ. జన్యువుల పనిని అదుపుచేసే చిన్న అణువులైన మైక్రో ఆర్‌ఎన్‌ఏల మీద మూడేళ్ల కిందట మీరు ప్రచురించిన పత్రానికి తొమ్మిది సైటేషన్లే (ఇతర పత్రాల్లో ప్రస్తావనలు) వచ్చాయని, ఎంపిక సంఘానికి ఏం చెప్పాలని అడిగారు.

ముందుగా తొలి మైక్రో ఆర్‌ఎన్‌ఏను కనుగొన్న శాస్త్రవేత్త విక్టర్ ఆంబ్రోస్ అనుభవం గుర్తుచేసుకోండి. నులిపురుగులోని లిన్-4 జన్యువు ప్రోటీన్‌ను కాక, 22 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని యూనిట్ల) చిన్న ఆర్‌ఎన్‌ఏను తయారుచేస్తుందని, అది లిన్-14 అనే మరో జన్యువు సందేశ ఆర్‌ఎన్‌ఏ చివరి భాగంతో జతకూడగలదని ఆయన బృందం 1993లో ‘సెల్’ పత్రికలో తెలిపింది. ఎంత గొప్ప పరిశీలన అది! అయినా చాలామంది దాన్ని ఆ పురుగుకే పరిమితమైన వింతగా భావించారు. 2000లో గ్యారీ రువ్‌కున్ బృందం లెట్-7 అనే మరో మైక్రో ఆర్‌ఎన్‌ఏ మనిషిలోనూ ఉందని చూపిన తరువాతే ఈ రంగం వేగం పుంజుకుంది. ఇద్దరికీ 2024లో నోబెల్ లభించింది.

కాబట్టి హెచ్-ఇండెక్స్ (కనీసం అన్నేసి సైటేషన్లున్న మీ పత్రాలు ఎన్నో చెప్పే అంకె) ఒక్కటే రాయకండి. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన ఆ లెక్కలో వేల సైటేషన్లున్న పత్రం కూడా ఒక్క అంకెకు మించి కలపదు. ఆ తొమ్మిది పత్రాలనూ తెరిచి, మీ పద్ధతిని వాడినవెన్నో, ఉపోద్ఘాతంలో పేరు మాత్రమే ప్రస్తావించినవెన్నో విడదీసి, మొదటి రకాన్ని రెండేసి వాక్యాల్లో వివరించండి.

మరో మాట. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా పడితే స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేస్‌లో మన రచనలు రెండు ప్రొఫైళ్లుగా చీలిపోవచ్చు. అలా జరిగిందేమో చూసి, రెండింటినీ కలపమని కోరండి. పత్రాలన్నిటినీ మీ ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) ఖాతాలో చేర్చండి.