సమాధానం: ఇంట్లో చదివే స్మార్ట్ కళ్లద్దాలు నెహ్రూ బస్టాండులో పలకకపోతే

చూపులేని మీ నాన్నగారి స్మార్ట్ కళ్లద్దాలు (ఎదుటి అక్షరాలను కెమెరాతో చూసి చదివి వినిపించేవి) ఇంట్లో పలికి, బస్టాండులో పలకడం లేదని అడిగారు. కళ్లద్దాలు బాగానే ఉన్నట్టున్నాయి. ఇంట్లో వైఫై మీద చదివి, బయట ఫోన్ జేబులో పెట్టగానే ఆగిపోతున్నాయంటే, అడ్డుపడుతున్నది బహుశా ఆండ్రాయిడ్ ఫోన్‌లోని డేటా సేవర్, అంటే మొబైల్ డేటా ఖర్చు తగ్గించే సెట్టింగ్. కెమెరా తీసిన ఫొటో ఫోన్ ఇంటర్నెట్ ద్వారా సర్వర్‌కి వెళ్తేనే జవాబు వస్తుంది. స్క్రీన్ లాక్ అయితే డేటా సేవర్ ఆ దారి మూసేస్తుంది.

1. సెట్టింగ్స్‌, యాప్స్‌లో కళ్లద్దాల యాప్ తెరవండి.

2. మొబైల్ డేటాలో రెండు స్విచ్‌లుంటాయి. బ్యాక్‌గ్రౌండ్ డేటా (యాప్ తెరమీద లేనప్పుడు వాడే డేటా) మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. దాని కిందే, డేటా సేవర్ ఉన్నా వాడుకోనివ్వమనే స్విచ్ ఉంటుంది. అందరూ వదిలేసేది దీన్నే! ఆన్ చేయండి. తెరమీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో నాన్నగారే చేసుకోవచ్చు, స్విచ్ పేరు వినిపించాక రెండుసార్లు తట్టాలి. పేర్లు ఫోన్‌ని బట్టి కాస్త మారతాయి.

3. అదే యాప్‌కి బ్యాటరీలో 'అన్‌రిస్ట్రిక్టెడ్' (అడ్డు లేకుండా) పెట్టండి.

బస్టాండుకి వెళ్లేముందు ఇంట్లోనే వైఫై ఆపి, స్క్రీన్ లాక్ చేసి, క్యాలెండర్ చదివించి చూడండి. పలికితే సరిపోయినట్టే.

బస్సు బోర్డు తప్పుగా చదివే అవకాశం ఉంది, ఎక్కేముందు కండక్టర్‌ని అడగమనండి. తెల్లకర్ర మాత్రం ఇంట్లో వదలనివ్వకండి.